జీతం ఆగి మూడు నెలలు: ఇంకా ఎక్కడ తగ్గించాలి?

నెలాఖరు (నవంబరు 14, రాత్రి 11.40)
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. మాది మియాపూర్. మావారు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదకొండేళ్లు చేశారు. ఆగస్టులో ప్రాజెక్టు అయిపోయిందని పంపేశారు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, చేతికి 28,000 వస్తుంది. ఇంటి లోను కిస్తీ 31,500. నా జీతమంతా పోసినా కిస్తీ నిండదు. మా పరిస్థితి మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

ఇద్దరు పిల్లలు. మామగారు మాతోనే ఉంటారు, షుగరు, బీపీ ఉన్నాయి. కంపెనీ చివర్లో ఇచ్చింది, ఫిక్సెడ్‌లో ఉన్నది కలిపి 4,10,000. కార్డు మీద 86,000 బాకీ ఉంది, నెలనెలా మినిమం కడుతూ నెట్టుకొస్తున్నాం. రెండు లక్షల చిట్టీ ఒకటి, ఇరవై నెలలది, తొమ్మిది కట్టాం, ఇంకా ఎత్తలేదు. నా బంగారం పన్నెండు తులాలు.

పనమ్మాయిని మానిపించాను. పాలు లీటరున్నర నుంచి లీటరుకి తెచ్చాను, దాంతో నెలకు వెయ్యి మిగులుతోంది. పిల్లల డ్రాయింగ్ క్లాసు ఆపాను. అన్నీ నోట్‌బుక్కులో రాస్తున్నాను. కొత్తిమీర కట్టతో సహా. ఇంకా ఎక్కడ తగ్గించాలో తెలియడం లేదు.

ఇంకో సంగతి. ఉద్యోగం పోయినట్టు మా రెండిళ్లలో ఎవరికీ తెలియదు. మామగారికి కూడా. మావారు రోజూ తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకుని బయల్దేరతారు. ఫ్రెండు ఆఫీసులో ఒక కుర్చీ ఇచ్చారు, అక్కడ కూర్చుని ఇంటర్వ్యూలకు చదువుకుంటారు.

ఉప్పుచేప (నవంబరు 15, ఉదయం 6.55)
బయటి తిండి, యాప్‌లలో ఆర్డర్లు బంద్ చెయ్యండి. ఆడవాళ్లు చీరలు తగ్గిస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

పాలపిట్ట (నవంబరు 15, ఉదయం 7.20)
@ఉప్పుచేప అన్నా, ఆమె రాసింది మొత్తం చదివినవా? కొత్తిమీర కట్ట లెక్క రాసే మనిషికి చీరల సంగతి చెప్తున్నవ్. ఆ ఇంట్ల ఇప్పుడొస్తున్న జీతం ఆమెదే.

ఉప్పుచేప (నవంబరు 15, ఉదయం 7.31)
చదివాను లెండి. జనరల్‌గా అన్నాను.

రిటైర్డ్_క్యాషియర్ (నవంబరు 15, ఉదయం 9.05)
అమ్మా నెలాఖరు, నేను ముప్పైనాలుగేళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీరు పాల దగ్గర వెయ్యి మిగిల్చి కార్డు దగ్గర మూడున్నర వేలు పారబోస్తున్నారు.

శాతాలు వద్దు, మన ఊళ్ల లెక్కలో చెప్తాను. కార్డు వడ్డీ సుమారుగా నెలకు మూడున్నర శాతం. అంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. మా కోనసీమలో రెండు రూపాయల వడ్డీ అంటేనే ఆలోచించేవారు. మూడు రూపాయలకు తెచ్చాడంటే, పాపం వాడికి ఏం ముంచుకొచ్చిందో అని ఇంటికెళ్లి పలకరించేవారు. అదే ప్లాస్టిక్ ముక్క మీద వచ్చేసరికి మనకెవరికీ చీమకుట్టినట్టయినా ఉండదు.

86,000 మీద నెల వడ్డీ 3,010. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 3,550 దాకా. మీ మినిమం ఐదు శాతం చొప్పున 4,300 ఉంటుంది. అందులో అసలుకు జమయ్యేది 750. పైగా బాకీ మోస్తున్నంత కాలం ఆ కార్డు మీద ఏం కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ. యాభై రోజుల గడువు మీకు ఉండదు. ముందు ఆ కార్డు తీసి బీరువాలో పెట్టండి.

బ్యాంకులో బంగారం మీద అప్పు నూటికి 75, 80 పైసల్లో దొరుకుతుంది. 80 పైసలే వేసుకున్నా 86,000 మీద 688. రెండు తులాల గొలుసు చాలు. ఫిక్సెడ్ తీసి కట్టేయొచ్చు కదా అంటారు. కట్టొచ్చు. కానీ జీతం లేని ఇంట్లో నగదు కరిగిపోనివ్వకూడదని నా అభిప్రాయం. గొలుసుతో మీరు కిస్తీ కట్టలేరు, ఫిక్సెడ్‌తో కట్టగలరు.

నెలాఖరు (నవంబరు 15, మధ్యాహ్నం 1.10)
సార్, 750 అన్నచోట ఆగిపోయాను. స్టేట్‌మెంట్ తీసి చూశాను. నిజమే. మూడు నెలల్లో 12,900 కట్టాం, బాకీ తగ్గింది రెండు వేల చిల్లర.

బంగారం మాత్రం మనసొప్పడం లేదు. రెండు తులాల గొలుసంటే మా అమ్మ పెట్టినదే.

రిటైర్డ్_క్యాషియర్ (నవంబరు 15, మధ్యాహ్నం 2.00)
తాకట్టు వేరు, అమ్మకం వేరు తల్లీ. గొలుసు మీ బీరువాలో కాక బ్యాంకు స్ట్రాంగ్‌రూములో ఉంటుంది, అంతే. ఒక్క జాగ్రత్త: ఏడాది గడువు తేదీ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి. నోటీసు వచ్చినా చూసుకోక నగలు వేలానికి పోయిన ఇళ్లు నాకు తెలుసు. అప్పు తీర్చలేక కాదు, మరిచిపోయి.

ఇంకొకటి అడుగుతాను. మీ ఇంటి లోను ఎప్పుడు తీసుకున్నారు? ఫ్లోటింగేనా, అంటే వడ్డీ రేటు మారుతుండేదేనా?

నెలాఖరు (నవంబరు 15, మధ్యాహ్నం 2.15)
2022లో. ఫ్లోటింగే.

రిటైర్డ్_క్యాషియర్ (నవంబరు 15, మధ్యాహ్నం 2.40)
అయితే సోమవారం బ్యాంకుకి వెళ్లండి. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులిచ్చిన ఫ్లోటింగ్ ఇంటి లోన్లు ఎక్కువగా రెపో రేటుకు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీది వడ్డీకి, ముడిపడి ఉంటాయి. ఈ 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో ఒక శాతం తగ్గింది, 6.50 నుంచి 5.50కి. మరి మీ కిస్తీ ఎందుకు తగ్గలేదు? బ్యాంకు కిస్తీని అలాగే ఉంచి కాలాన్ని తగ్గిస్తుంది గనుక. మామూలు రోజుల్లో మనకు అదే లాభం. ఇప్పుడు మాత్రం "కాలం పాతదే ఉంచండి, కిస్తీ తగ్గించండి" అని కాగితం రాసివ్వండి. మీ లెక్కకు రెండు వేలు అటూఇటూ తగ్గొచ్చు.

బెజవాడ_బాబాయ్ (నవంబరు 15, సాయంత్రం 6.30)
అమ్మాయీ, క్యాషియర్ గారి మాట వినుగానీ, బ్యాంకువాళ్లు కొన్నాళ్లు కిస్తీ ఆపుకోమంటే మాత్రం ఎగిరి గంతెయ్యకు. 2020లో కరోనాకి మారటోరియం ఇచ్చారు గుర్తుందా, మార్చి నుంచి ఆగస్టు దాకా? నేను ఆరు నెలలూ ఆపాను. 30 లక్షల లోను, ఎనిమిది శాతం, ఇంకా పదిహేనేళ్లుంది. వడ్డీ లక్షా ఇరవై వేలు తీసుకెళ్లి అసల్లో కలిపారు. వడ్డీ మీద వడ్డీ తర్వాత వెనక్కిచ్చారులే, అది ఏ మూలకి? ఆరు కిస్తీలు ఆపినందుకు నాకు పెరిగినవి పద్నాలుగో పదిహేనో. చేతిలో డబ్బుండి కూడా, అందరూ ఆపుతున్నారని ఆపాను. బుద్ధి గడ్డి తిని.

డాలస్_దొండకాయ (నవంబరు 15, రాత్రి 10.15)
ఇక్కడా అదే గోల అండి. అమెరికాలో హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే 60 రోజులు గడువు, ఆ లోపల ఇంకోటి దొరక్కపోతే సామాను సర్దుకోవడమే. మా వీధిలో రెండు కుటుంబాలు ఈ ఏడాది అలాగే వెళ్లాయి. మేం చేసిన పని ఒకటే: శంకర్‌పల్లి దగ్గర కిస్తీల మీద కొన్న ప్లాటు అమ్మేశాం. ఐదేళ్లుగా గడ్డి మొలవడం తప్ప ఏం జరగలేదక్కడ. మీకు అలాంటిదేమీ లేదు కాబట్టి నా సలహా మీకు పనికిరాదేమో.

నెలాఖరు (నవంబరు 15, రాత్రి 10.50)
లేదండీ. చిట్టీ గురించి ఎవరైనా చెప్పండి. దానికే డివిడెండు పోను నెలకు 8,500 కట్టాలి. అదే మా గొంతు మీద కూర్చుంది.

కందిచేను (నవంబరు 16, ఉదయం 8.10)
ముందు అది రిజిస్టరయిన చిట్టీయా, అపార్టుమెంట్లో ఎవరో ఆంటీ నడిపేదా? మా కాలనీలో ఒకావిడ నలభైమంది డబ్బుతో రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసింది. గుమ్మానికి మామిడాకులు కూడా తియ్యలేదు. కాగితం లేదు, ఎవరిని అడుగుతాం?

నెలాఖరు (నవంబరు 16, ఉదయం 8.30)
రిజిస్టరైనదే. పాస్‌బుక్కుంది. కానీ ఎత్తుకోవాలంటే ఇద్దరు ష్యూరిటీ కావాలన్నారు, జీతం స్లిప్పులతో.

రిటైర్డ్_క్యాషియర్ (నవంబరు 16, ఉదయం 9.00)
1982 చిట్‌ఫండ్ చట్టం కింద నడిచేదైతే ఆ పద్ధతి మంచిదే. ఎత్తినవాడు మిగతా నెలలు కట్టకపోతే ఎవరినో పట్టుకోవాలి కదా. మొదట ఒకటి గుర్తుపెట్టుకోండి: ఎత్తనంత వరకు చిట్టీ మీ పొదుపు, ఎత్తిన మరుక్షణం అది అప్పు.

ఇప్పుడు పాటలు ఎంతకు పోతున్నాయి? 36,000 తగ్గించుకుని పాడారనుకుందాం, చేతికి 1,64,000. కార్డు తీర్చగా 78,000 మిగులుతుంది. అది ఇక కట్టాల్సిన పదకొండు వాయిదాల్లో తొమ్మిదింటికి సరిపోతుంది. అంటే గొలుసు కదలదు, నెలకు 8,500 భారం మీ జీతం మీద పడదు. నా గొలుసు సలహా కంటే మీ ఇంటికి ఇదే మేలు. చిట్టీ సంగతి మీ మొదటి పోస్టులోనే ఉంది, నేనే దాటిపోయాను.

బెజవాడ_బాబాయ్ (నవంబరు 16, ఉదయం 9.25)
36,000 పోగొట్టుకుని పాడ్డం దండగ కాదా? పద్నాలుగో పదిహేనో నెలదాకా ఆగితే పోటీ తగ్గి పాట చల్లబడుతుంది.

రిటైర్డ్_క్యాషియర్ (నవంబరు 16, ఉదయం 9.50)
ఆగొచ్చు బాబాయ్ గారూ. ఆరు నెలలు ఆగితే కార్డుకి ఆరు మూడువేల ఐదొందల యాభైలు, 21,300. మూడున్నర రూపాయల వడ్డీ నెత్తిన పెట్టుకుని చల్లటి పాట కోసం ఎదురుచూడ్డం నాకు నచ్చదు.

నెలాఖరు (నవంబరు 16, మధ్యాహ్నం 12.20)
లెక్క అర్థమైంది సార్. కానీ ష్యూరిటీ ఎవరిని అడగాలి? మా అక్కావాళ్ల బావగారు ప్రభుత్వోద్యోగి. ఆయన్ని అడిగితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్తే సాయంత్రానికి మా ఊరంతా తెలుస్తుంది. డిసెంబరులో మా మరిది గృహప్రవేశం కూడా ఉంది. పెద్ద వదినను, చీర, వెండి తప్పదు.

పాలపిట్ట (నవంబరు 16, రాత్రి 9.40)
అక్కా, నేను గీ మాట కోసమే చూస్తున్న. మొదటి పోస్టులనే నాకు కొట్టొచ్చినట్టు కనవడ్డది ఏందంటే ఆ బ్యాగు. అన్న పొద్దున బ్యాగేసుకుని పోవుడు.

మాది హనుమకొండ. మా ఆయన ప్రైవేటు స్కూల్ల లెక్కల సారు. 2020ల బడులు మూసిండ్రు, జీతం బంద్. నెల కాదు, రెండు నెలలు కాదు. 2021 ఏప్రిల్‌ల సర్కారు ప్రైవేటు టీచర్లకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చుడు మొదలువెట్టింది. ఆ బియ్యం తెచ్చుకునేటందుకు పోతే లైన్ల ముఖానికి దస్తీ కట్టుకున్నడు. కరోనాకి అందరు కట్టుకున్నరు, మా ఆయన మాత్రం ఎవరూ గుర్తువట్టద్దని కట్టుకున్నడు.

ఆ ఏడాది ఇంట్ల తిండికి మేం అప్పు చేయలే. అప్పు దేనికైందో తెలుసా? ఫంక్షన్లకు. లాక్‌డౌన్ తీసినంక ఆగిపోయిన పెండ్లిళ్లన్నీ ఒక్కసారే వడ్డయి. మా ఆడిబిడ్డకు ఒడిబియ్యం పోయాలె. చీర, సారె, వచ్చినోళ్లకు భోజనాలు. మా ఇంట్ల చదివింపుల పుస్తకాలున్నయ్, మా మామ పెండ్లి కాడికెల్లి. మనకు ఎవరెంత చదివించిండ్రో అందుల ఉంటది, తీసి చూసి దానికి ఒక రూపాయి పెంచి పెట్టాలె. వాళ్లు 1,116 పెడితే మనం 2,116. ఆ పుస్తకం చూసి రెండు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చినం. మనకు జీతాలు లేవని వాళ్లకు తెల్వదు కదా. తెలిస్తే ఎవలన్నా అడుగుతరా? మేం చెప్పలే, వాళ్లడిగిండ్రు, మేం ఇచ్చినం. తప్పు ఎవలది?

ఆఖరికి మా అత్తనే ఒకరోజు పుస్తకం తీసి పైన అటకల వెట్టింది. "నేనున్నన్ని రోజులు ఇది దించద్దు" అన్నది. ఆడిబిడ్డకు ఆమెనే ఫోన్ చేసి చెప్పింది. ఆడిబిడ్డ ఏమన్నదంటే, "ముందే చెప్తే నేను చీర కూడా వద్దంటుంటి కదనే." నాకు ఏడుపొచ్చింది, కోపం గూడ వచ్చింది. 40,000 కట్టనీకి మాకు ఏడాదిన్నర వట్టింది.

మీ మరిది గృహప్రవేశం సంగతి నాకు తెల్వదు. కానీ కొత్తిమీర కట్టకు రాసే నోట్‌బుక్కుల ఆ వెండి ఎక్కడ రాసినవ్ అక్కా?

ఉప్పుచేప (నవంబరు 16, రాత్రి 10.05)
చెల్లెమ్మా, మొదట చీరల మాట అన్నందుకు సారీ. ఇది చదివాక మా ఇంట్లో ఉన్న పుస్తకం గుర్తొచ్చింది.

కందిచేను (నవంబరు 17, ఉదయం 7.45)
బరువైన మాటలయ్యాయి, కాస్త కిరాణాకి వద్దాం. మాది తాండూరు వైపు. కందిపప్పు కొత్త పంట జనవరి, ఫిబ్రవరిలో వస్తుంది, అప్పుడు మిల్లు దగ్గర కొంటే తేడా ఉంటుంది. చింతపండు, ఎండుమిర్చి కూడా ఫిబ్రవరి, మార్చిలోనే. ఏడాదికి సరిపడా ఒకేసారి కొనమని పెద్దలు చెప్పేది అందుకే. అయితే ఏడాది సరుకు కొనాలంటే చేతిలో ఒకేసారి పదివేలుండాలి, అవే లేవు కదా ఈ ఇంట్లో! కాబట్టి ఈసారి ఇద్దరు ముగ్గురు కలిసి ఒక బస్తా కొని పంచుకోండి.

బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకుంటుందో తెలుసా? 2022 జులైలో 25 కిలోల దాకా ప్యాకు చేసి లేబులేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టారు. మిల్లులవాళ్లు ఒక కిలో ఎక్కువేసి తప్పించుకున్నారు. ఐదు కిలోలు, పది కిలోల ప్యాకెట్లలో కొంటే ఆ పన్ను మీరే కడుతున్నట్టు.

బెజవాడ_బాబాయ్ (నవంబరు 17, ఉదయం 8.20)
ఆ కిలో రహస్యం నాకిప్పటిదాకా తెలీదయ్యా! మావిడ ఎప్పుడూ "ఒక కిలో ఫ్రీ" అంటుంది.

మందులచీటీ (నవంబరు 17, మధ్యాహ్నం 3.15)
నాకు ఫార్మసీ దుకాణం ఉంది, అయినా చెప్తున్నా. మీ మామగారి బీపీ, షుగరు మందులు జనఔషధి కేంద్రంలో చూడండి. డాక్టరు గారిని మందు అసలు పేరుతో చీటీ రాయమనండి, బ్రాండు పేరుతో కాదు. మా నాన్నగారికి నెలకు 1,900 అయ్యేవి ఇప్పుడు 600లో వస్తున్నాయి. నా దుకాణంలోవి కాకుండా అక్కడివి తెచ్చుకుంటారాయన, ఇంట్లో ఇదో జోకు.

తగ్గించకూడనిది కూడా ఒకటుంది. ఉద్యోగంతో పాటే కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోయి ఉంటుంది. అది చూసుకున్నారా? సొంతంగా తీసుకునే పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. పిల్లలకీ మీకూ అయినా ఒకటి తీసుకోండి.

నెలాఖరు (నవంబరు 17, రాత్రి 9.00)
బీమా సంగతి మా ఇద్దరికీ తట్టనే లేదు. వెన్నులో చలి పుట్టింది.

మామూలు విషయం ఒకటి. కిందటి నెల కరెంటు 214 యూనిట్లు, ఈ నెల 188. మేం ఏమీ మార్చలేదు. బిల్లు మాత్రం మూడొందల పైన తగ్గింది. 26 యూనిట్లకు అంత తేడా ఉంటుందా? మీటరు పాడైందా?

రిటైర్డ్_క్యాషియర్ (నవంబరు 17, రాత్రి 9.30)
తెలంగాణలో 200 దాటితే మొత్తం లెక్కే మారిపోతుందమ్మా. 200 లోపైతే మొదటి వందకి 3.40, తర్వాతి వందకి 4.80. 201 అయిందా, మొదటి 200 యూనిట్లకూ 5.10, పైవాటికి 7.70. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు, 201కి 1,028. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండొందల పైమాటే. మీ 214కి 1,128, మీ 188కి 762. మీటరు బాగానే ఉంది. తెల్లకార్డుండి గృహజ్యోతి వచ్చేవాళ్లకైతే 200 లోపు బిల్లే లేదు, దాటితే మొత్తం కట్టాలి.

బెజవాడ_బాబాయ్ (నవంబరు 17, రాత్రి 9.55)
మాకలా లేదు, ఆంధ్రాలో ఏ స్లాబు రేటు ఆ స్లాబుకే. మాకు ట్రూఅప్ చార్జీలని, అంటే పాత ఖర్చుల తేడా తర్వాత వసూలు చేసేవని, వేరే వడ్డన ఉందిలే.

ఉప్పుచేప (నవంబరు 17, రాత్రి 10.10)
చలికాలం మొదలైంది, గీజర్లు వాడే రోజులు. యూనిట్లు పెరగాలి గానీ తగ్గడమేంటి? ఎవరో ఏదో చేస్తున్నారు మీ ఇంట్లో.

నెలాఖరు (డిసెంబరు 21, సాయంత్రం 5.30)
నెల దాటింది, ఎవరైనా ఇంకా చూస్తున్నారో లేదో. సంగతులు చెప్పాలని వచ్చాను.

బ్యాంకుకి వెళ్లాం. మొదట కౌంటర్లో అలాంటిదేమీ లేదన్నారు. క్యాషియర్ సార్ చెప్పినట్టు కాగితం రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాం. పదిరోజులకు కిస్తీ 29,450 అయింది. నెలకు 2,050. పాలు మళ్లీ లీటరున్నర తెప్పిస్తున్నాను.

బావగారికి ఫోన్ చేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక "మీ జీతం స్లిప్పు ఒకటి కావాలి" అనేశాను. ఆయన ఒక్క నిమిషం ఆగి, "ఎన్నాళ్లయింది?" అన్నారు. ఇంకేమీ అడగలేదు. రెండో సంతకం మా స్కూల్లో సీనియర్ మేడమ్ పెట్టారు. 38,000 తగ్గించి పాడాం, 1,62,000 వచ్చింది. కార్డు మూసేశాం. మావారు కత్తెర నా చేతికిచ్చారు.

బీమా నాకూ ఆయనకూ పిల్లలకూ తీసుకున్నాం. మావారు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో సాయంత్రం బ్యాచ్‌కి చెబుతున్నారు, నెలకు 18,000. ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి. నేను స్కూలుకి ఆటో మాని బస్సెక్కుతున్నాను, ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు.

ఇక మామగారు. ఆయనకు చెప్పడానికి మేమిద్దరం రెండు రోజులు మాటలు కూడబలుక్కున్నాం. చెప్పగానే, "నాకు ఆగస్టులోనే తెలుసు" అన్నారు. బ్యాగు చూసి కనిపెట్టారట. లాప్‌టాప్ కంపెనీకి ఇచ్చేశాక బ్యాగు భుజం మీద గాలికి ఊగుతోందట. "బరువున్న బ్యాగు ఊగదురా" అన్నారు. మీరు చెప్పేదాకా నేనడిగితే బాగుండదని ఊరుకున్నారట. గీజరు స్విచ్చి మా వెనకాలే తీసేస్తున్నదీ, హాల్లో పాత ఫ్యాన్ కింద కూర్చోవడం మాని బాల్కనీలోకి మారిందీ కూడా ఆయనే. @ఉప్పుచేప మీరన్నదే నిజమైంది.

గృహప్రవేశానికి ఆయనే ముందు మరిదికి ఫోన్ చేశారు. మేం 516 చదివించి, పిల్లలతో వెళ్లి కడుపునిండా భోంచేసి వచ్చాం. తోటికోడలు ఏమనుకుందో తెలియదు. కొంచెం అనుకునే ఉంటుంది.

పాలపిట్ట (డిసెంబరు 21, సాయంత్రం 6.15)
అనుకోనీ అక్కా. ఆ తాతకు నా దండం చెప్పు.

కందిచేను (డిసెంబరు 21, రాత్రి 8.00)
ఫిబ్రవరిలో పప్పు బస్తా తెప్పిస్తున్నాం, చందానగర్, మియాపూర్ వాళ్లు నలుగురైతే తలా పది కిలోలు వస్తుంది. కావాలంటే చెప్పండి.

నెలాఖరు (డిసెంబరు 21, రాత్రి 8.20)
మాకు ఒక వాటా. రీడింగుకి ఇంకా మూడు రోజులుంది, మీటరు 191 దగ్గర ఉంది. మామగారు ఇప్పుడే కిందికి వెళ్లి చూసి మెట్ల మీద నుంచే ఫోన్ చేశారు.

ఉప్పుచేప (డిసెంబరు 21, రాత్రి 8.24)
ఇస్త్రీపెట్టె దాచేయండి.